అడగందే అమ్మయినా పెట్టదు

రాజమండ్రిలో ఓ లెక్కల మాస్టారు ఉన్నారనుకుందాం. నాలుగేళ్ల మూణ్నెల్ల కిందట బ్యాంకు లోనుతో ఎనిమిదిన్నర లక్షలు పెట్టి కారు కొన్నారు. ఆఖరి వాయిదా కట్టి మూణ్నెల్లయింది. ‘ఇక ఇది మనదేనే’ అని భార్యతో చెప్పుకుని మురిసిపోయారు. ఆ సంబరంలోనే ఓ ఆదివారం అన్నవరం వెళ్లి వ్రతం చేసుకుని, ప్రసాదం పొట్లాలతో ఇంటికి బయల్దేరారు.

జగ్గంపేట దాటాక బానెట్లోంచి టకటకమని చప్పుడు మొదలైంది. ‘‘ఏమండీ, ఆ ఎర్ర లైటేంటి?’’ అంది భార్య. మాస్టారు కారు పక్కకు తీసి ఆపేలోపే ఇంజిన్ ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తాళం తిప్పినా కదల్లేదు. చివరికి క్రేను కట్టించి కారును షోరూము వాళ్ల షెడ్డుకు చేర్చారు.

మూడో రోజు ఫోనొచ్చింది. ‘‘సార్, ఇంజిన్లో బేరింగు పోయింది. లోపల క్రాంకు కూడా దెబ్బతింది. మొత్తం మార్చాలి. లక్షా అరవై రెండు వేలవుతుంది’’ అన్నాడు సర్వీస్ అడ్వైజర్.

‘‘కారు కొని నాలుగేళ్లేగా బాబూ!’’

‘‘వారంటీ మూడేళ్లే సార్. అయిపోయి ఏడాది దాటింది. మేం చేయగలిగిందేం లేదు.’’

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. అమ్మాయి ఇంజినీరింగు రెండో సంవత్సరం ఫీజు కట్టాల్సింది ఆ నెలలోనే. అందుకని దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. దాన్ని ఇంజిన్‌కు పెట్టడమా, అమ్మాయి చదువుకు పెట్టడమా?

ఈ మాస్టారు ఒక్కరే కాదు. ఇలాంటి ఫోను అందుకునే ఇళ్లు ఎన్నో. చాలామంది షెడ్డు దగ్గర నాలుగు కేకలేసి, చివరికి అప్పు చేసో, నగలు తాకట్టు పెట్టో బిల్లు కట్టేస్తారు. ‘వారంటీ అయిపోయింది’ అన్న మాట వినగానే దారులన్నీ మూసుకుపోయాయనుకుంటారు. నిజానికి మూసుకుపోయింది ఒక్క దారే.

ఎవరి మీద కోపం?

మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. షోరూము వేరు, కారు తయారుచేసిన కంపెనీ వేరు. ‘కుదరదు’ అన్న సర్వీస్ అడ్వైజర్ షోరూములో జీతగాడు. అతనికి ‘సరే’ అనే అధికారం లేదు. కాబట్టి అతని మీద అరిచి లాభం లేదు. పైగా, షోరూముకు పని ఇచ్చిన డబ్బు మీ జేబులోంచి వచ్చినా ఒకటే, కంపెనీ ఖాతాలోంచి వచ్చినా ఒకటే. సామరస్యంగా ఉంటే షోరూమే మీ తరఫున కంపెనీకి సిఫార్సు రాయొచ్చు.

ఆ సిఫార్సు వెళ్లేది కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజరు దగ్గరికి. వారంటీ దాటిన కొన్ని మరమ్మతుల ఖర్చును, పూర్తిగానో సగమో, కంపెనీలు తామే భరించడం వాహన పరిశ్రమలో ఉన్న పద్ధతే. దాన్ని ‘గుడ్‌విల్’ అంటారు. కరపత్రాల్లో ఉండదు, షోరూము గోడ మీద బోర్డు కట్టరు. అడిగినవాళ్లకే దాని సంగతి తెలుస్తుంది. అందరికీ ఇస్తారని కాదు. వారంటీ దాటి ఎంతకాలమైంది, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, సర్వీసులు వేళకు చేయించారా, ఆ భాగం అంత తొందరగా పోవాల్సిందేనా... ఇవన్నీ చూస్తారు. అంటే ఇది దానమూ కాదు, హక్కూ కాదు. ఆధారాలతో ఒప్పించి రాబట్టుకోవాల్సింది.

పెద్దవాళ్లే దిగొచ్చారు

‘కంపెనీలు అంత తేలిగ్గా తగ్గుతాయా?’ అనిపించొచ్చు. తేలిగ్గా తగ్గవు. కానీ తగ్గిన సందర్భాలున్నాయి, అదీ ఇంజిన్ల విషయంలోనే.

అమెరికాలో కొన్ని టయోటా కార్లలో ఇంజిన్ ఆయిల్ గడ్డకట్టి తారులా మారుతోందని యజమానులు మొత్తుకున్నారు. ‘ఆయిల్ వేళకు మార్చి ఉండరు’ అని కంపెనీ మొదట తప్పు వాళ్ల మీదికే నెట్టింది. ఫిర్యాదులు పెరిగేసరికి 2002లో మెత్తబడింది. 1997 నుంచి 2002 మోడళ్ల వరకు సుమారు 33 లక్షల వాహనాలకు, ఈ సమస్య ఒక్కదాని మీద, మొదట అమ్మిన రోజు నుంచి ఎనిమిదేళ్ల దాకా బాధ్యత తీసుకుంది.

హ్యుందాయ్ కథ ఇంకా పెద్దది. మాస్టారి కారు జబ్బుకు దగ్గరిది కూడా. ఇంజిన్లో పిస్టన్‌ను క్రాంకుతో కలిపే రాడ్డు ఉంటుంది. దాని కింది చివర బేరింగు. ఇనుముకు ఇనుము నేరుగా రాసుకోకుండా మధ్యలో పల్చటి ఆయిల్ పొర కాపాడుతుంది. ఆ ఆయిల్ సన్నటి రంధ్రాల గుండా రావాలి. అమెరికాలోని కర్మాగారంలో ఇంజిన్ భాగాలను చెక్కినప్పుడు మిగిలిన లోహపు రజను పూర్తిగా శుభ్రం కాలేదని, అది ఆయిల్ దారికి అడ్డుపడి బేరింగులు పోతున్నాయని తేలింది. 2015 సెప్టెంబరులో 2011, 2012 మోడళ్ల సొనాటా కార్లు సుమారు 4,70,000 వెనక్కి పిలిచారు. 2017లో కియా కార్లతో కలిపి మరో 12 లక్షల దాకా ఆ జాబితాలో చేరాయి.

ఆ వ్యవహారంలో నోరు విప్పినవాళ్లలో ఒకరు ఆ కంపెనీలోనే పాతికేళ్లకు పైగా పనిచేసిన కొరియా ఇంజినీరు కిమ్ గ్వాంగ్-హో. 2016లో అమెరికా రహదారి భద్రతా సంస్థకు లోపలి సంగతులు చెప్పారు. ఆ ఏడాదే ఉద్యోగం పోయింది. కార్లను వెనక్కి పిలవడంలో జాప్యం చేశారంటూ 2020 నవంబరులో రెండు కంపెనీలకూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం దక్కింది. యజమానులు వేసిన దావాలో కుదిరిన రాజీ ప్రకారం ఆ కార్ల ఇంజిన్ ప్రధాన భాగానికి జీవితకాలపు వారంటీ ఇచ్చారు. అప్పటికే జేబులోంచి డబ్బు పెట్టుకున్నవాళ్లకు తిరిగి చెల్లించే ఏర్పాటూ చేశారు.

ఇవి అమెరికా సంగతులు. అక్కడి ఒప్పందం చూపించి ఇక్కడి కారుకు డబ్బు అడగలేం. కానీ రెండు విషయాలు మాత్రం అర్థమవుతాయి. వారంటీ తేదీ దాటినంత మాత్రాన తయారీలో జరిగిన తప్పు ఒప్పయిపోదు. రెండోది, ‘ఆయిల్ మార్చలేదు’ అన్న నింద ముందుగా యజమాని మీదికే వస్తుంది. దానికి జవాబు నోటితో చెబితే చాలదు, కాగితం ఉండాలి.

పెట్టెలో దొరికిన కాగితం

ఇక మాస్టారింటికి వద్దాం. ఆ రాత్రి ఆయన భోజనం కూడా సరిగ్గా చేయలేదు. పక్కవీధి మెకానిక్కును అడిగితే ‘‘పాత సామాన్లు పెట్టి ఎనభై వేలలో లేపేస్తాను మాస్టారూ’’ అన్నాడు. ఆయన మనసు అటు లాగింది. అప్పుడు భార్య బీరువాలోంచి ఓ ప్లాస్టిక్ ఫైలు తెచ్చి ముందు పెట్టింది. కరెంటు బిల్లు నుంచి గ్యాసు రసీదు దాకా ఏదీ పారేయని మనిషి. కారుకు సంబంధించిన ప్రతి కాగితమూ అందులో ఉంది.

ముందు కొన్నప్పటి ఇన్వాయిస్ చూశారు. కొందరు కొనేటప్పుడే అదనపు వారంటీకి డబ్బు కట్టి, ఆ సంగతి మరిచిపోతారు. వీళ్లు కట్టలేదు. తర్వాత ఇన్సూరెన్సు. యంత్రం దానంతట అది పాడైతే మామూలు పాలసీ వర్తించదు. ఆ రెండు ఆశలూ పోయాయి.

తర్వాత సర్వీసు బిల్లులు వరసగా పేర్చారు. అయిదు సర్వీసులూ కంపెనీ షెడ్డులోనే. ప్రతిసారీ ఆయిల్, ఫిల్టరు మార్చినట్టు ఉంది. మూడోది మాత్రం రెండు నెలలు ఆలస్యమైంది.

‘‘ఇదొక్కటి పక్కన పెట్టేద్దామా?’’ అన్నారు మాస్టారు.

‘‘ఎందుకండీ? వాళ్ల కంప్యూటర్లో ఉండనే ఉంటుందిగా. మనమే చెప్పేద్దాం. ఒక్కటి దాస్తే మిగతా నాలుగూ నమ్మరు’’ అంది భార్య.

కాగితాలు తిరగేస్తున్న అమ్మాయి ఒకచోట ఆగింది. ‘‘నాన్నా, ఇది చూడండి.’’ రెండో ఏడాది చివర్లో, 31 వేల కిలోమీటర్ల దగ్గర చేయించిన సర్వీసు తాలూకు జాబ్ కార్డు అది. ‘కస్టమరు ఫిర్యాదు’ అన్నచోట ‘పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్లో శబ్దం’ అని ఉంది. దాని ఎదురుగా ‘పరీక్షించాం, నార్మల్’ అని షెడ్డు వాళ్ల రాత. కింద సంతకం, తేదీ.

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తనే చెప్పారు. వాళ్లు ఏమీ లేదన్నారు. ఆ మాట నమ్మి మరిచిపోయారు.

ఇలాంటి పేచీల్లో ఇంతకంటే బలమైన కాగితం దొరకడం కష్టం. ఎందుకంటే ఇప్పుడు మాట మారిపోయింది. ‘వారంటీ పోయాక వచ్చిన జబ్బు’ కాదిది. ‘వారంటీలో ఉండగానే చెప్పినా పట్టించుకోని జబ్బు’. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఉత్తరం ఎలా ఉండాలి?

మర్నాడు మాస్టారు షెడ్డుకు వెళ్లి మూడు పనులు చేశారు. ఒకటి, బండిని అలాగే ఉంచమని, విప్పిన భాగాలేవీ పారేయొద్దని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నారు. పోయిన బేరింగే అసలు సాక్షి. తొందరపడి బయట బాగుచేయిస్తే ఆ సాక్ష్యం పాత ఇనుము కొట్టుకు పోతుంది. రెండు, భాగాలకూ మీటరుకూ ఫొటోలు తీసుకున్నారు. మూడు, ఇంజిన్ ఎందుకు పోయిందో కారణం కాగితం మీద ఇవ్వమన్నారు. ‘నోటితో చెప్పాంగా సార్’ అంటే, ‘అదే రాసివ్వండి బాబూ’ అన్నారు.

తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిలు. జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. వారంటీ గడువు ముగిసినందున చింతిస్తున్నామని. మొదటి జవాబు సాధారణంగా ఇలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మాస్టారు ఆగలేదు. ప్రాంతీయ కార్యాలయంలో సర్వీసు విభాగం అధిపతికి ఒక పేజీ ఉత్తరం రాసి మెయిల్లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపారు. అందులో తిట్లు లేవు, కోర్టుకెళ్తానన్న బెదిరింపూ లేదు. సారాంశం ఇది:

‘అయ్యా, నా కారు ఫలానా నంబరు. 58 వేల కిలోమీటర్లు తిరిగింది. అయిదు సర్వీసులూ మీ అధీకృత కేంద్రంలోనే చేయించాను. వాటిలో ఒకటి రెండు నెలలు ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాను. 31 వేల దగ్గర, వారంటీలో ఉండగానే, ఇంజిన్ శబ్దం గురించి ఫిర్యాదు చేశాను. నార్మల్ అని రాసిచ్చారు. జాబ్ కార్డు నకలు జతచేశాను. ఇప్పుడు అదే ఇంజిన్ బేరింగు పోయింది. విడిభాగాల ఖర్చు కంపెనీ భరించాలని, కూలీ నేను చెల్లిస్తానని కోరుతున్నాను. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు.’

గమనించండి. కొత్త కారు ఇమ్మనలేదు. 2006లో మారుతీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చమంటోందే తప్ప కారునే మార్చమనడం లేదని చెప్పింది. అందనిదాన్ని అడిగితే అందేది కూడా పోతుంది. తన వంతుగా కూలీ తానిస్తానని ముందే చెప్పడంతో, అవతలివాళ్లకు ‘సరే’ అనడం తేలికైంది.

వాళ్లు కాదంటే?

కంపెనీ మొండికేస్తే తర్వాతి మెట్టు చట్టం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. 2020 జులై నుంచి అమల్లో ఉంది. అందులో ‘లోపం’ అంటే చట్టం ప్రకారం గానీ, రాతపూర్వకమైనా అంతర్లీనమైనా ఒప్పందం ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోవడం. వారంటీ గడువు లోపలే బయటపడాలని ఆ నిర్వచనంలో లేదు. అయితే అది తయారీ లోపమేనని రుజువు కావాలి. అవసరమైతే కమిషన్ ఆ భాగాన్ని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించవచ్చు. పాత భాగాలు పారేయొద్దనేది అందుకే.

ఫిర్యాదుకు కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. మీరు ఉంటున్న చోట, లేదా ఉద్యోగం చేస్తున్న చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే వింటుంది. ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. ‘చూస్తాం, చేస్తాం’ అన్న మాటలతో ఆ రెండేళ్లూ కరిగిపోకుండా జాగ్రత్తపడాలి. అంతకుముందు ఓసారి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే, ఫిర్యాదును వాళ్లు కంపెనీకి చేరవేస్తారు. ఖర్చు లేని పని.

ఇంకోటి. మీ మోడల్‌ను కంపెనీ ఏ లోపానికైనా వెనక్కి పిలిచిందేమో చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో చూసుకోవాలి. 2021 సెప్టెంబరులో మారుతీ మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపం ఉండొచ్చంటూ 1,81,754 పెట్రోల్ కార్లను పిలిచి, ఉచితంగా బాగుచేస్తామంది. భద్రతకు సంబంధించిన లోపాలుంటే, తయారై ఏడేళ్లు దాటని బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వానికి కూడా ఉంది. ఆ జాబితాలో మీ బండి ఉంటే బతిమాలే పనే లేదు.

చివరి సంతకం

మాస్టారికి పన్నెండో రోజున ఫోనొచ్చింది. ఏరియా సర్వీస్ మేనేజరు స్వయంగా వచ్చి బండి చూశారు. జాబ్ కార్డు అసలు ప్రతి అడిగారు. మాస్టారు చూపించారు గానీ చేతికివ్వలేదు, నకలే ఇచ్చారు. మరో వారానికి కబురు తెలిసింది. విడిభాగాలు లక్షా ముప్పై ఎనిమిది వేలు కంపెనీవి. కూలీ, ఆయిలు కలిపి 24 వేలు మాస్టారివి.

బండి తీసుకునే రోజు ఒక కాగితం ముందు పెట్టారు. ‘సంతకం చేయండి సార్, మామూలే’ అన్నారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ‘ఇకపై ఈ వాహనం గురించి ఎలాంటి ఫిర్యాదూ చేయను’ అని ఉంది. ‘‘ఈ మరమ్మతు వరకైతే సరే, ఎప్పటికీ అంటే ఎలా?’’ అని ఆ వాక్యం మార్పించారు. కొత్తగా వేసిన భాగాలకు వారంటీ ఎంతకాలమో బిల్లు మీదే రాయించుకున్నారు. ఆ తర్వాతే సంతకం.

ప్రతి ఇంట్లోనూ కథ ఇలాగే ముగుస్తుందని చెప్పలేం. కొందరికి సగం వస్తుంది, కొందరికి పావు వంతు. సర్వీసులు ఎగ్గొట్టిన బండికి ఏమీ రాకపోవచ్చు, రావాలనడమూ న్యాయం కాదు. కానీ అడగనివాళ్లకు మాత్రం కచ్చితంగా ఏమీ రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, కారు బాగున్నప్పుడే రెండు అలవాట్లు చేసుకుంటే చాలు. షెడ్డుకు వెళ్లినప్పుడు చిన్న చప్పుడైనా సరే, నోటితో చెప్పి ఊరుకోకుండా జాబ్ కార్డులో రాయించడం. ఆ కార్డు నకలు ఇంటికి తెచ్చి దాచడం.

అమ్మాయి ఫీజు గడువుకు రెండు రోజుల ముందే కట్టేశారు. ఆ రసీదు తెచ్చి మాస్టారు బల్ల మీద పడేస్తే, భార్య తీసి మడతపెట్టి ఫైల్లో పెట్టింది. ఆయన ఈసారి నవ్వలేదు.